క్రొత్తగా నేర్చుకొను పిల్లలకు చెల్లో కొనుటను గూర్చి

"ఆడలేక మద్దెల ఓడు" అను సామెతను మన పెద్దలు ఊరక చెప్పలేదు. పని చేతకానివాడు పనిముట్టును నిందించుట లోకమున నెల్లెడల కన్పట్టుచున్నదే. ఐనను ఈ సామెతకు మఱియొక ప్రక్క కూడ కలదు. మద్దెల నిజముగనే ఓడైనచో ఆడువాడేమి చేయవలెను? పెద్దవాడైనచో మద్దెలను మార్పించుకొనును. పిల్లవాడైనచో, తప్పు తనయందే యున్నదని నమ్మి, ఆటనే మానుకొనును. తంత్రీవాద్యములను క్రొత్తగా నేర్చుకొను బాలబాలికల విషయమున ఇట్టి అన్యాయము పలుమారు జరుగుచున్నది; చెల్లో నేర్వగోరువారికి మఱింత హెచ్చుగ జరుగుచున్నది. తమ బిడ్డకు చెల్లో కొనదలచి, చేత ధనము స్వల్పముగ నుండి, ఎట్టిది కొనవలెనో తెలియని తల్లిదండ్రులు కొందఱు మమ్ము సలహా యడిగియున్నారు. వారికి విడివిడిగ చెప్పుటకంటె ఈ సంచిక మూలమున అందఱికిని మా యభిప్రాయమును తెలుపుట మేలని తోచినది.

చెల్లో నెఱుగని చదువరులకై రెండు మాటలు. ఇది వయొలిన్ కుటుంబమునకు చెందిన వాద్యము. వాయించువాడు కుర్చీపై కూర్చుండి, వాద్యము అడుగుననున్న మొనను నేలపై నానించి, దానిని మోకాళ్ల నడుమ నిలుపుకొని కమానుతో వాయించును. పెద్దలు వాయించు చెల్లో నిలువున ఇంచుమించు 4 అడుగులుండును. తంత్రులు నాలుగు. ఒక్కొక్క తంత్రికిని దాని పై తంత్రికిని షడ్జమ పంచమముల సంబంధము. దీని నాదము పురుషుని కంఠమునకు మిక్కిలి దగ్గఱగ నుండును. కావున గాయకబృందమున బరువైన స్వరములు పాడువారు తక్కువైనపుడు ఒక్క చెల్లో ఆ లోటును చాలవఱకు తీర్చగలదు.

ఇది పరదేశపు వాద్యము, మనకేల యని కొందఱనవచ్చును. వయొలిన్ కూడ అట్లు వచ్చినదే. బాలుస్వామి దీక్షితులవారు దానిని కర్ణాటక సంగీతమునకు అలవఱచిన తరువాత అది మన కచేరీలలో విడరానిదయ్యెను. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు (1893–1964) దానితోనే విజయనగరము పేరును దేశమంతట మ్రోగించిరి. చెల్లో సైతము ఇప్పుడు మన రాగములను పలుకుచున్నది. ఢిల్లీలో నివసించుచున్న సస్కియా రావ్-డి హాస్ అను విదుషి దానికి అదనపు తంత్రులను చేర్చి, హిందూస్థానీ సంగీతమునకు అనుకూలముగ మార్చియున్నారు. కావున వాద్యము ఎక్కడ పుట్టినదను ప్రశ్న మాకు ముఖ్యము కాదు. బిడ్డ చేతికి వచ్చినది పలుకుచున్నదా లేదా యనునదే ముఖ్యము.

చిక్కు వెలలో నున్నది. కఱ్ఱ హెచ్చు, పని హెచ్చు, తంత్రులు సైతము పెద్దవి. అందుచేత అదే తరగతికి చెందిన వయొలిన్ వెలకంటె చెల్లో వెల ఎన్నియో రెట్లుండును. నెలజీతముపై బ్రతుకు కుటుంబమునకు ఇది చిన్న సంగతి కాదు. ఇట్టి సమయమున, వాద్యము, కమాను, సంచి, రోజిన్ అన్నియు కలిపి ఒకే స్వల్పమగు వెలకు ఇంటికి పంపెదమను ప్రకటన కన్నులబడును. తండ్రికి అది వరప్రసాదమువలె తోచును. పెట్టె విప్పినప్పుడు వార్నీషు తళతళలాడును, ఇంటిల్లిపాదియు సంతసింతురు. ఆ సంతోషము పలు తావుల నెల దినములైనను నిలువదు.

ఏల నిలువదో చెప్పెదము. వీణకు మెట్లు కలవు. వ్రేలు కొంచెము అటునిటు పడినను మెట్టు స్వరమును కాపాడును. చెల్లోకు మెట్లు లేవు. స్వరస్థానమును చూపునది చెవి యొక్కటే. ఆ చెవిని సిద్ధము చేయుటయే మొదటి సంవత్సరపు చదువు. బిరడలు జాఱుచు, శ్రుతి క్షణక్షణమునకు దిగిపోవుచుండు వాద్యముపై ఆ చదువు సాగదు. నిన్న సరియైన చోట వ్రేలుంచినను నేడు అపస్వరము పలుకును. మఱియు తంత్రులు వ్రేళ్లపలకకు మిక్కిలి ఎత్తున నున్నచో వానిని అదుముటకు లేతవ్రేళ్లకు బలము చాలదు. వ్రేలికొనలు కందును, మణికట్టు నొచ్చును. బాలుడు సాధన యనగానే ముఖము త్రిప్పుకొనును. తల్లి "వీనికి శ్రద్ధ లేదు" అనును. ఇరుగుపొరుగువారు "వీనికి సంగీతము అబ్బదు" అందురు. ఓడు మద్దెలను గూర్చి ఎవ్వరును మాటాడరు.

ఈ దోషములలో చాలభాగము కఱ్ఱ చవుకదగుటవలన గాక అమరిక సరిగా లేకపోవుటవలన కలుగుచున్నవి. ఈ సంగతి తల్లిదండ్రులు గట్టిగ జ్ఞాపకముంచుకొనవలెను. చెల్లో యను వాద్యము కర్మాగారమునుండి వచ్చునప్పటికి ఇంకను సగము తయారైనదే. వీణపై గుఱ్ఱమని మనము పిలుచునట్టిది చెల్లోపై బ్రిడ్జి. దాని పాదములు వాద్యపు పొట్టపై సందు లేకుండ కూర్చుండునట్లు చెక్కవలెను. దాని ఎత్తును తగ్గించి తంత్రులను తగిన ఎత్తునకు తేవలెను. ఉక్కు తంత్రులు గల పెద్ద చెల్లోలో వ్రేళ్లపలక చివర సన్నతంత్రి క్రింద సుమారు 5 మిల్లీమీటర్లు, లావుతంత్రి క్రింద సుమారు 8 మిల్లీమీటర్లు సందుండుట వాడుక. వాద్యపు కడుపులో పై పలకకును వెనుక పలకకును నడుమ సౌండ్‌పోస్టు అను చిన్న కఱ్ఱముక్క నిలిచియుండును. దానికి జిగురు లేదు, మేకు లేదు. తంత్రుల బిగువుచేతనే అది నిలుచును. ఫ్రెంచివారు దానిని వాద్యపు ఆత్మ యని పిలుచుచున్నారు. అది ఒక వెండ్రుకవాసి జరిగినను నాదము మాఱును. ఈ పనులన్నియు తెలిసిన పనివాని చేతిమీదుగా జరుగవలెను గాని పెట్టెలోనుండి ఊడిపడవు.

కావున మా మొదటి సలహా యిది: చేతనున్న సొమ్మునంతయు వాద్యమునకే వెచ్చింపవలదు. అమరికకును మంచి తంత్రులకును కొంత సొమ్మును ముందే వేఱుగ తీసియుంచవలెను. సాధారణమైన వాద్యము చక్కగ అమర్చినచో, వెలగలిగియు అమరిక లేని వాద్యముకంటె బిడ్డకు వేయిరెట్లు మేలు.

ఇక కఱ్ఱను గూర్చి. మంచి చెల్లోకు పై పలక స్ప్రూసు కఱ్ఱతోను, వెనుక పలకయు ప్రక్కలును మేపిల్ కఱ్ఱతోను చేయుదురు. నిండు కఱ్ఱను చెక్కి వంపు తెత్తురు. చవుక వాద్యములకు పలుచని పొరలను అతికించిన పలకను అచ్చులో వంచుదురు. పొరల కఱ్ఱతో చేసినది నాదమున కొంత మూగగ నుండుట నిజమే. ఐనను క్రొత్తవానికి అది సిగ్గుపడదగిన వస్తువు కాదని మా యభిప్రాయము. మన సీమలో వైశాఖ జ్యేష్ఠముల ఎండ నిండు కఱ్ఱను పగుల్చును. తొలకరి చెమ్మ దానిని ఉబ్బించును. పొరల కఱ్ఱ ఈ రెంటిని చాలవఱకు ఓర్చుకొనును. పాఠశాలలో తగులు దెబ్బలను కూడ ఓర్చుకొనును. రెండు మూడేండ్లు నేర్చి చెవి పండిన తరువాత నిండు కఱ్ఱతో చేసినదానిని గూర్చి యోచింపవచ్చును.

వాద్యము లోపల అతికించిన కాగితమును చూచి ఎవ్వరును మోసపోకుందురు గాక. స్ట్రాడివేరియస్ అను పేరు అచ్చువేసిన కాగితములు లెక్కకు మిక్కిలిగ చవుక వాద్యములలో కలవు. ఇటలీలోని క్రెమోనా నగరమున ఆ మహాశిల్పి చేసిన చెల్లోలు లోకమున కొలదిగ మాత్రమే నిలిచియున్నవి. అవి అంగడి వీధిలో దొరకునవి కావు. చవుక వాద్యములకు వేఱు చరిత్ర కలదు, అదియు గౌరవింపదగినదే. పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు మిరెకూర్‌లోను, జర్మనీ దేశపు మార్క్‌నోయ్‌కిర్ఖెన్‌లోను పని పంచుకొని, ఒక యింట మెడలు, మఱియొక యింట పలకలు చేయుచు, సామాన్య కుటుంబములకు అందు వెలకు వాద్యములను లోకమంతటికి పంపిరి. నేడు ఆ పనిలో పెద్దపాలు చీనా దేశమునకు వచ్చినది. జియాంగ్సు రాష్ట్రమున హువాంగ్‌చియావ్ అను పట్టణము ఇందుకు పేరు గన్నది. చీనాలో చేసినదను కారణముచేత దేనిని త్రోసివేయరాదు. ఐరోపాలో చేసినదను కారణముచేత దేనిని నెత్తిన పెట్టుకొనరాదు. ఎదుటనున్న వాద్యమును చూచియే తీర్పు చెప్పవలెను.

కమాను విషయమున మనవారు మిక్కిలి అశ్రద్ధ చేయుదురు. ఏనుగు నిచ్చి అంకుశమునకు పోట్లాడినట్లు, వాద్యమునకు అంత సొమ్మిచ్చి కమానును ఊరకనే రమ్మందురు. నాదమును పుట్టించునది కమానే గదా! వంకరపోయిన కమాను తంత్రిపై నిలువక జాఱును. కుడిచేయి జీవితాంతము విడువని చెడు వాడుకను నేర్చును. బ్రెజిల్ దేశపు పెర్నాంబుకో కఱ్ఱతో చేసిన కమానులు శ్రేష్ఠములు. కాని ఆ చెట్టు అరుదై, 2007లో దాని వర్తకముపై అంతర్జాతీయ నిబంధనలు ఏర్పడినవి. క్రొత్తవానికి కార్బన్ నారతో చేసిన సామాన్యపు కమాను చాలును. అది ఎండకు వంగదు, వానకు ఉబ్బదు.

కొలత మఱువరానిది. చెల్లోలు నిండు, ముప్పాతిక, అర, పాతిక యను కొలతలలో దొరకును. ఇవి పేర్లు మాత్రమే. అర చెల్లో నిండు చెల్లోలో సగము పొడవుండదు. అంతకంటె చాల పెద్దది. సామాన్యముగ 5 అడుగులు దాటినవారికి నిండు కొలత, నాలుగున్నర మొదలు 5 అడుగుల వఱకు ముప్పాతిక, 4 మొదలు నాలుగున్నర వఱకు అర సరిపోవును. ఐనను బిడ్డను కూర్చుండబెట్టి చూచుటయే నిశ్చయమైన మార్గము. పాదములు రెండును నేలపై ఆనవలెను. వ్రేళ్లు పలకపై ఈడ్చిపెట్టినట్లు గాక సుళువుగ పఱచుకొనవలెను. "పెరుగుచున్న పిల్లవాడు గదా, పెద్దదే కొందము" అని చొక్కా కుట్టించినట్లు కొనరాదు. పొడవైన చొక్కా చేతిని నొప్పింపదు. పెద్ద చెల్లో నొప్పించును.

స్పెయిన్ దేశపు కాటలోనియాలో 1876లో పుట్టిన పాబ్లో కసాల్స్ చరిత్ర ఇచ్చట స్మరింపదగినది. అతని తండ్రి చిన్న పట్టణపు దేవాలయమున ఆర్గన్ వాయించువాడు, ధనికుడు కాడు. బాలుని మొదటి వాద్యము ఎండిన సొరకాయ బుఱ్ఱకు ఒక్క తీగ కట్టి తండ్రి సిద్ధపఱచినది. తరువాత చిన్న చెల్లో వచ్చినది. పదుమూడవ ఏట బార్సిలోనాలో నిండు కొలత చెల్లో దొరకినది. ఆ కాలముననే తండ్రీ కొడుకులు ఒక పాత అంగడిలో బాఖ్ చెల్లో స్వరరచనల ప్రతిని కనుగొనిరి. వానిని పండ్రెండేండ్లు సాధన చేసిన తరువాతనే కసాల్స్ సభలో వాయించెను. సొరకాయ బుఱ్ఱ అతనికి అడ్డు రాలేదు. ఏలయన, దానిని కట్టిన చేయి సంగీత మెఱిగిన చేయి. ప్రతి మెట్టునను ఆ బాలుని కొలతకు తగినదే అతని చేతి కందినది.

ఈ చరిత్రనుండియే మా ముఖ్యాభిప్రాయమునకు వచ్చుచున్నాము. పిల్లవాడు పెరుగునప్పుడెల్ల వాద్యము మార్చుట ఆర్గన్ వాయించు తండ్రికి కష్టమైనట్లే మన తండ్రులకును కష్టము. అర చెల్లో కొన్న రెండేండ్లకు ముప్పాతిక కొనవలెను. ఆపై నిండుది కొనవలెను. మూడుమారులు కొను శక్తి మనలో నెందఱికి కలదు? కావున క్రొత్తగా నేర్చుకొను పిల్లవానికి చెల్లో కొనవలసినది అతని తండ్రి కాదు, పాఠశాల. పాఠశాల కొని, పిల్లలకు ఎరువిచ్చి, స్వల్పమైన నెల అద్దె తీసికొని, ఆ అద్దెతోనే తంత్రులు మార్పించి, మరమ్మతు చేయించి, ఒకరు పెరిగిన వెంటనే మఱియొకరికి అందింపవలెను. అట్లు చేసినచో ఒకే వాద్యముపై ఎందఱో నేర్వవచ్చును.

ఇది గాలిలో మేడ కట్టుట కాదు. కలకత్తాలోని బెహలా ప్రాంతమున ఆక్స్‌ఫర్డ్ మిషనువారి ఆశ్రయమున ఫాదర్ థియోడర్ మాథీసన్ పేద బాలురకు తంత్రీవాద్యములు నేర్పెను. ఆ బాలుర తల్లిదండ్రులు వాద్యములు కొనగలవారు కారు. అచ్చట చెల్లో నేర్చిన అనూప్ కుమార్ బిశ్వాస్ లండనుకు పోయి, రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో చదివి, పేరుగాంచిన విద్వాంసుడై, తిరిగి కలకత్తాలో పేద పిల్లలకు గురువు పేరిట సంగీత పాఠశాలను నెలకొల్పెను. పరాగ్వే దేశమున కాటెయూరా అను చెత్తకుప్పల పేటలో పాఱవేసిన చమురు డబ్బాతోను కఱ్ఱముక్కలతోను చెల్లోను చేసి పిల్లలకు నేర్పిరి. ఆ పిల్లల బృందము పలు దేశములలో వాయించినది. వెల గాక విద్య తెలిసిన పెద్దల పూనికయే ముఖ్యమనుటకు ఇంతకంటె ఏమి నిదర్శనము కావలెను?

మా మాటకు ఎదురుమాటలు రాకపోవు. పిల్లలు విఱుగగొట్టుదురని కొందఱందురు. ప్రయోగశాలలో గాజు గొట్టములు పగులుచున్నవని రసాయనశాస్త్రము మానుచున్నామా? జాగ్రత్త నేర్పుటయు విద్యలో భాగమే. జీతములు కట్టలేని పిల్లలుండగా చెల్లో యేల యని మఱికొంద ఱడుగుదురు. ఈ ప్రశ్న బరువైనది. దీనిని తేలికగ త్రోసివేయము. జీతముల సహాయనిధినుండి ఒక్క రూపాయి అయినను ఇందుకు తీయరాదు. పూర్వవిద్యార్థుల చందాలతోను, వార్షికోత్సవ ప్రదర్శనపు రాబడితోను మాత్రమే ఇది జరుగవలెను. ఐతే పేదవానికి అన్నమే చాలును, సంగీతమక్కఱలేదను మాటను మాత్రము మేమొప్పుకొనము. ధనికుని బిడ్డకు వాద్యము ఇంటనే దొరకును. పాఠశాల వాద్యము కొననిచో నష్టపడువాడు పేదవాని బిడ్డయే.

మొదట రెండు చెల్లోలు చాలును: ఒకటి ముప్పాతిక, ఒకటి నిండు. రెండును పొరల కఱ్ఱతో చేసినవైనను సరియే. అమరిక మాత్రము పట్టణమునకు పంపియైనను తెలిసినవానిచే చేయింపవలెను. ఈలోగా సొంతముగ కొనవలసి వచ్చిన తల్లిదండ్రులు ఈ నాలుగు సంగతులను పరీక్షింతురు గాక. బిరడ త్రిప్పిన చోట నిలుచుచున్నదా? బ్రిడ్జి నిటారుగ నిలిచి, పాదములు పొట్టపై పూర్తిగ ఆనుచున్నవా? అంచుల వెంబడి వ్రేలి కణుపుతో తట్టినపుడు ఎక్కడనైన బీటువాఱిన చప్పుడు వచ్చుచున్నదా? సౌండ్‌పోస్టు నిలుచు చోట పలకపై పగులు కలదా? అంచు అతుకు విడిపోయినచో భయపడనక్కఱలేదు. కఱ్ఱ పగులకుండ ముందు తానే విడునట్లు ఆ జిగురును వాడుదురు, మరల అతికించుట సుళువు. సౌండ్‌పోస్టు దగ్గఱి పగులు మాత్రము ప్రాణముమీదికి వచ్చిన రోగము. అట్టిదానిని ఎంత చవుకకు వచ్చినను విడిచిపెట్టవలెను. అన్నిటికంటె ముఖ్యము, ఉపాధ్యాయుడు వాయించి చూడకుండ సొమ్మిచ్చివేయరాదు. ఒకరు వాడిన వాద్యమైనను బాగున్నచో సంకోచింపక తీసికొనవచ్చును.

విద్యార్థులారా, మీతో కూడ ఒక మాట. చేతికి వచ్చిన వాద్యము ఎరువుదైనను మీదే యనుకొనుడు. వాయించిన పిమ్మట కమాను వెండ్రుకల బిగువును సడలింపుడు; తంత్రులపై రాలిన రోజిన్ పొడిని మెత్తని గుడ్డతో తుడువుడు; ఎండ తగులు కిటికీ చెంతను, మూసిన మోటారుబండిలోను దానిని విడువకుడు. వాద్యము బాగుగనున్నదని పెద్దలు తేల్చిన తరువాత మద్దెలను నిందించు హక్కు మీకు లేదు. అప్పుడు దినమునకు అరగంటయైనను తప్పక సాధన చేయుట మీ వంతు. మంచి వాద్యమును సమకూర్చుట మా పెద్దల వంతు. మా వంతును మేము ముందుగ నెఱవేర్చి, తరువాత మిమ్ము శ్రద్ధ యడుగుట న్యాయము. వచ్చు విద్యాసంవత్సరపు మొదటి సభలోనే పాఠశాల పెద్దలును, తల్లిదండ్రులును, పూర్వవిద్యార్థులును ఈ విషయమును ఆలోచనకు దెచ్చి, చందాల పట్టికను తెఱతురని మేము కోరుచున్నాము.